జోడువత్తులమ్మ వెలసిన గడప

వెలిగొండల వరుసకి తూర్పు పక్కన, మసక కనుమ నోటి దగ్గర, జోడుదీపాలు అనే చిన్న ఊరు ఉంది. బస్సు ఊళ్ళోకి రాదు. రోడ్డు మీద దిగి, చిల్లకంప మధ్యన ఉన్న బాట పట్టి, వాగు దాటి రావాలి. గాలిగోపురం కోసం, ధ్వజస్తంభం కోసం మెడలు చాచి వెతుక్కోకండి. అవేమీ ఇక్కడ లేవు. పల్లెటూళ్ళో ఒక సంసారం కాపురముండే ఇల్లు ఎంతుంటుందో గుడి అంతే ఉంటుంది. తూర్పు ముఖం. వాకిలికి తలుపు లేదు. వెనక గోడకి కిటికీ లేదు. లోపల విగ్రహం కూడా లేదు.

గడపరాయే అమ్మవారు. నల్లటి ఆ రాయి మీద రెండు వత్తుల చారలు చెరొక పక్క నుంచి వచ్చి ఒకచోట కలుస్తాయి. కలిసినచోట రాయి సెగ తగిలి కమిలినట్టు ఎర్రగా ఉంటుంది. పసుపు రాసేది దానికే, కుంకుమ పెట్టేది దానికే. దాటేటప్పుడు తొక్కకండి. కుచ్చెళ్ళు, పంచె అంచులు ఎత్తి పట్టుకోండి. సందెవేళ దీపం ఆ గడప మీదే వెలుగుతుంది.

ఇక్కడ ఒంటివత్తి వెలిగించకూడదు. అంగడిలో రంగురంగుల మైనపు దీపాలు కొనుక్కొచ్చి గడప మీద ముట్టించబోయే మహానుభావులు ఏటా ఉంటారు. పూజారమ్మ వాళ్ళ చెయ్యి పట్టుకుని ఆపేస్తుంది. "ఏం, దీపం దీపం కాదా?" అని ఆమె మీదికి లేచేవాళ్ళూ ఉంటారు. కాదు. తెలియక చేసినవాళ్ళని అమ్మ మన్నిస్తుంది. తెలిసి చేసిన ఊరు ఒకటి ఉండేది. దాని కథ ఇది.

పూర్వం ఇక్కడ కనుమపల్లె అనే ఊరు ఉండేది. చుట్టూ ఆముదపు చేలు, ఎగువన కొండ, దిగువన వాగు. అందరి ఇళ్ళలోనూ ఆముదపు దీపమే. సందె పడేవేళకి ఇల్లాలు ముంగిలి ఊడ్చి, పెరటి తలుపు మూసి, వీధి తలుపు తెరిచి, రెండు వత్తులు ఒకటిగా కలిపి ప్రమిదలో వేసి వెలిగించేది. ఆ వేళకి ఇంట్లో ఎవరూ పడుకుని ఉండకూడదు. ఇక ఒంటివత్తి వెలిగేది ఒక్కచోటే, శవం తల దగ్గర. ఈ సంగతి మన ఇళ్ళల్లో ఎవరూ ఎవరికీ నేర్పరు. పుట్టినవాళ్ళందరికీ ఏదో ఒకనాడు కళ్ళబడుతుంది.

ఒక ఏడు వానలు ఆగకుండా కురిసి, వాగు ఊళ్ళోకి వచ్చి, వెనక్కి పోయింది. పోతూ పోతూ జ్వరాన్ని వదిలిపెట్టి పోయింది. ఆ వెనకే ఇంకొకటి మొదలైంది.

సందెవేళ, దీపం ముట్టించిన కాసేపటికి, కనుమ వైపు నుంచి ఒక చప్పుడు వచ్చేది. తడిసిన చీర కొంగు నేల మీద ఈడ్చుకుంటూ ఎవరో నడిచి వస్తున్నట్టు ఉండేది. అది వీధి వెంట వచ్చి ఏదో ఒక ఇంటి గడప దగ్గర ఆగేది. చూస్తే ఎవరూ కనిపించరు. గడప మాత్రం తడిసి ఉండేది. అప్పుడు, గాలి లేకుండానే, దీపం వంగేది. ఇంట్లో ఉన్నవాళ్ళల్లో ఒకరివైపు, వేలు పెట్టి చూపించినట్టు, మంట సాగి వంగి నిలబడేది.

దీపం ఎవరివైపు వంగిందో వాళ్ళకి అప్పటికే ఒళ్ళు కాలుతూ ఉండేది, లేదా మర్నాటికి కాలేది. ఆ తరవాత వాళ్ళు బతకలేదు.

మొదటి చావుకి ఊరు ఏడ్చింది. ఆ తరవాతి చావులకి ఊరు లెక్క కట్టింది. వాగులో కొట్టుకుపోయిన ఆడది ఎవరో దిక్కులేక తిరుగుతూ తోడు కోరుకుంటోందని, దీపంతో మనిషిని ఎంచుకుంటోందని తేల్చారు. అప్పటినుంచి దీపం వంగిందంటే చాలు, ఇంటిల్లిపాదీ లేచి గోడల వైపు జరిగేవారు. దీపం ఎవరివైపు వంగిందో వాళ్ళు ఒక్కరే నడిమింట్లో మిగిలేవారు. కట్టుకున్న పెళ్ళాం జరిగేది. కన్నతండ్రి జరిగేవాడు. జ్వరపడినవాళ్ళు దాహం, దాహం అని అరుస్తుంటే చెంబు తీసుకుని దగ్గరకి పోయినవాళ్ళు లేరు. వాళ్ళని ముట్టుకుంటే దీపం తమవైపు తిరుగుతుందని భయం. నాలుక ఎండి, గొంతు పిడచకట్టి పోయిన ప్రాణాలు అవి. వాటిని కూడా ఆ తడిచీరదాని ఖాతాలోనే వేశారు.

ఊరికి పెద్ద మాలకొండయ్య. ఆయన తండ్రి పండు ముసలి. జ్వరంతో కాక, కాలం తీరి ఒక మధ్యాహ్నం పోయాడు. చుట్టాలు రావాలని శవాన్ని మర్నాటి దాకా ఉంచారు. దక్షిణం తల పెట్టి, కాలి బొటనవేళ్ళు కలిపి గుడ్డపీలికతో కట్టి, తల దగ్గర ఒంటివత్తి వెలిగించారు. సందెవేళ ఆ చప్పుడు వచ్చింది. మాలకొండయ్య ఇంటి గడప దగ్గర ఆగింది. లోపల అందరూ దీపాన్నే చూస్తున్నారు. దీపం వంగలేదు. కాసేపటికి చప్పుడు పక్కింటికి జరిగిపోయింది.

కర్మకాండ ముగిసీ ముగియకముందే మాలకొండయ్య ఊరిని పిలిచాడు.

"చచ్చిన కొంపలోకి అది రాదు. నా కళ్ళారా చూశా. ఇంటికొకరు సందెవేళ పీనుగుల్లే పడుకోండి. తల కాడ ఒంటివత్తి పెట్టండి. ఆడోళ్ళు నాలుగు ఏడుపులు ఏడవండి. అది అట్నుంచి అటే పోద్ది."

"పచ్చని కొంపలో ఒంటివత్తా మామా?" అన్నది ఒక ఇల్లాలు. పేరు తిరుపాలమ్మ. ఊరి చివర ఇల్లు ఆమెది. "దేముడు ఎదురుగా ఉండి అబద్ధం ఆడమంటే నోటితో ఆడొచ్చు. దీపంతో ఎట్టాడేది?"

"నీ నోరు ఆడే అబద్ధాల ముందు దీపం ఆడేది ఎంతలేమే!" అన్నాడు మాలకొండయ్య. జనం నవ్వారు. భయంతో ఉన్నవాళ్ళు ఎంత గట్టిగా నవ్వుతారో అంత గట్టిగా నవ్వారు. ఆ సాయంత్రమే ఊరంతా ఒంటివత్తులు వెలిగాయి.

ఎవరు పడుకున్నారని అడగండి. మగవాళ్ళు పడుకుంటే ఇంటికి అరిష్టమట. పడుకున్నది ముసలితల్లులు, కోడళ్ళు, మొగుడు పోయి పుట్టింట చేరిన ఆడపడుచులు. అబద్ధపు చావులో కూడా ఆడదాన్నే ముందు పెట్టిన ఊరు అది.

పథకం పారింది. తడిచీర చప్పుడు వీధి మొదటినుంచి చివరిదాకా పోయేది. ప్రతి గడప దగ్గరా ఆగేది. లోపల ఒంటివత్తిని, ముసుగు కప్పిన మనిషిని చూసినట్టు కాసేపు నిలబడి సాగిపోయేది. ఊరి చివర చాలాసేపు అటూ ఇటూ తిరిగి కనుమలోకి వెళ్ళిపోయేది. వెళ్ళేటప్పుడు ఆ చప్పుడు ఎవరో దిగమింగుకుని ఏడుస్తున్నట్టు ఉండేదని తిరుపాలమ్మ అనేది. "దయ్యానికి ఏడుపేందిమే, నీకు పిచ్చా?" అనేది అత్త పేరమ్మ.

వానలు వెలిసి జ్వరాలు తగ్గుముఖం పట్టాయి, చావులు ఆగాయి. కానీ బతుకు కూడా ఆగింది. పొద్దున్నే అన్నం మెతుకు నోట్లో పెడితే బూడిద నమిలినట్టు ఉండేది. బర్రెలు పాలు ఎగచేపాయి. కుక్కలు ఇంటి చూరు కింద పడుకోవడం మానేసి, వాగు అవతల నిలబడి ఊరిని చూసి మొరిగేవి. ముసుగుల కింద పడుకుని లేచినవాళ్ళకి చలి వదిలేది కాదు. పొయ్యి దగ్గర కూర్చున్నా చేతులు చల్లగా ఉండేవి. పిలిస్తే ఆలస్యంగా పలికేవారు. రాను రాను, పలకడానికి ముందు పక్కకి తిరిగి ఎవరినో అడుగుతున్నట్టు చూసేవారు.

తిరుపాలమ్మ ఇంట్లో మొదట పేరమ్మే పడుకుంది. కొన్నాళ్ళకి ఎదురు తిరిగింది. "నా వల్ల కాదమ్మే. ఎముకల్లోకి మంచు దిగుతుండాది. పక్కన ఎవురో పడుకున్నట్టుంటది. నువ్వు పడుకో, నేను ఏడుస్తా." తిరుపాలమ్మ పడుకుంది. కానీ పేరమ్మ ఏడుపు దగ్గులో కలిసిపోయేది. ఏడుపు వినపడకపోతే అది లోపలికి వస్తుందని మాలకొండయ్య కేకలేశాడు. దీనితో తిరుపాలమ్మ మొగుడు చినవీరయ్య, ఎవరినీ నొప్పించలేని మెత్తని మనిషి, మెత్తగానే ఒక మాట అన్నాడు. "నువ్వు ఏడువు, బిడ్డని పడుకోబెడదాం. కాసేపే గదా. దానికి ఆటలాగుంటది."

బిడ్డ పేరు చెంచమ్మ. ఇంకా పాలపళ్ళు ఊడుతున్న వయసు. మొదటి సాయంత్రం దానికి నిజంగానే ఆటలాగే ఉంది. ముసుగు కింద కిసుక్కున నవ్వితే పేరమ్మ కాలు గిల్లింది. రెండోనాడు నవ్వలేదు. ఆ తరవాత తిరుపాలమ్మ ముసుగు తీసిన ప్రతిసారీ పిల్ల కళ్ళు తెరవడానికి ఇంకొంచెం ఎక్కువసేపు పట్టేది.

ఒక సాయంత్రం బొటనవేళ్ళ కట్టు విప్పితే పాదాలు విడిపోలేదు. తిరుపాలమ్మ రెండు చేతులతో పట్టుకుని విడదీసింది. పిల్ల ఒళ్ళు పెరుగుకుండలా చల్లగా ఉంది.

"లే బిడ్డా. బువ్వ తిందువు."

"నన్ను లేపబాకమ్మా," అంది చెంచమ్మ. "పెద్దమ్మ లేవద్దంటుంది."

"ఏ పెద్దమ్మ?"

"ఈడ పడుకుండే పెద్దమ్మ. రోజూ కొంచెం కొంచెం దగ్గరికి జరుగుద్ది. రేపు నా మీద చెయ్యేస్తానంది. అప్పుడింక చలెయ్యదంట."

తిరుపాలమ్మ చాప వైపు చూసింది. పిల్ల పడుకున్న చోటికి పక్కనే చాప నొక్కుకుపోయి ఉంది. పెద్ద మనిషి పడుకున్నంత పొడవున, గుంటలా ఉంది. చూస్తుండగా ఆ గుంట కొద్దిగా పిల్లవైపు జరిగింది.

ఆమె అరవలేదు. అరిస్తే అది కూడా వింటుందని అరవలేదు. పిల్లని ఎత్తి భుజాన వేసుకుంది. చాపని అలాగే చుట్టి పెరట్లో మంట వేసి అందులో పడేసింది. తెల్లారేదాకా పిల్లని ఒంటికి అదుముకుని కూర్చుంది. పిల్ల ఒళ్ళు వెచ్చబడలేదు. పొద్దు పొడిచేసరికి మాత్రం నిప్పులా కాలడం మొదలైంది.

మర్నాటి సందె ముందు తిరుపాలమ్మ తలస్నానం చేసింది. ముంగిలి ఊడ్చింది. పత్తి తీసి, గింజ ఏరి, అరచేతుల మధ్య రెండు వత్తులు చేసింది. రెంటినీ కలిపి పేనింది. వీధి తలుపు బార్లా తెరిచి, ప్రమిదని గడపరాయి మీద పెట్టింది. పేరమ్మ అది చూసి గుండెలు బాదుకుంటూ వీధిలోకి పరిగెత్తింది. కాసేపటికి మాలకొండయ్య కర్ర పట్టుకుని వచ్చాడు, వెనక ఊరు.

"ఏందిమే ఇది? తీసెయ్!"

"దీపాన్ని తీసెయ్యమనే నోరు పెద్దరికం చేస్తుంది చూడు మామా, మన ఊరికి ఇంకా దయ్యమెందుకు?"

"నీ ఇంట్లోకి వచ్చి ఊరుకుంటదా అది? బతికున్నోళ్ళని చూస్తది. మనందరం ఆడిన అబద్ధం తెలుసుకుంటది. ఊరంతా పోద్ది!"

"మనం చచ్చామని దానికి చెప్పాం. అది నమ్మిందో లేదో నాకు తెలవదు. వేరేదొకటి నమ్మింది. వచ్చి నా బిడ్డ పక్కన పడుకుంది." ఆమె కూడా మీలాగా నాలాగా భయపడే మనిషే. "మీ ఇళ్ళల్లో చాపలు తీసి చూసుకోండి."

ఎవరూ ఒప్పుకోలేదు. కానీ ఎవరూ 'మా ఇంట్లో లేదు' అని కూడా అనలేదు. ముసుగు కింద పడుకునే ఆడవాళ్ళు నలుగురు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మాలకొండయ్య ప్రమిద మీదికి కర్ర ఎత్తాడు. అంతలో కనుమ వైపు నుంచి తడిచీర చప్పుడు మొదలైంది. ఎత్తిన కర్ర అలాగే వదిలేసి ఆయన ఇంటికి పరిగెత్తాడు. అందరూ పరిగెత్తారు. తలుపులు మూసుకున్నాయి. ఒంటివత్తులు వెలిగాయి. దొంగ ఏడుపులు లేచాయి.

తిరుపాలమ్మ జోడువత్తి ముట్టించింది.

నడిమింట్లో చెంచమ్మ మంచం మీద ఒళ్ళెరగకుండా పడి ఉంది. పేరమ్మ ఒక గోడకి, చినవీరయ్య ఒక గోడకి అతుక్కుపోయారు. తిరుపాలమ్మ దీపానికి, బిడ్డకి మధ్య నిలబడింది. చప్పుడు వీధి పొడవునా ఎక్కడా ఆగకుండా నేరుగా వచ్చి గడప అవతల నిలబడింది. రాయి మీద నీళ్ళు బొట్లు బొట్లుగా పడ్డాయి. మంట సాగింది. తిరుపాలమ్మని తప్పుకుని, పక్కనుంచి వంగి, బిడ్డవైపు చూపించింది.

"జరుగు! దాని కాడ్నుంచి జరుగు!" అని చినవీరయ్య అరిచాడు. "అది పిల్లని ఎంచుకుంది, నువ్వన్నా దక్కు!"

అదే క్షణాన మంచం కింద చీకట్లో ఏదో కదిలింది. చాప కాలిపోయినా అది పోలేదు. ఒక చల్లని చెయ్యి, గోళ్ళు నల్లబడిన చెయ్యి, మంచం పట్టె మీదికి వచ్చి పిల్ల జుట్టు కోసం తడుముకుంటోంది.

గడప దగ్గర ఒకటి. మంచం కింద ఒకటి. ఎటు పోవాలి? తిరుపాలమ్మ కాళ్ళు గోడవైపే లాగాయి. ఊళ్ళో అందరి కాళ్ళూ అటే లాగాయి గదా. అప్పుడు చెంచమ్మ పెదాలు కదిలాయి.

"అమ్మా, నీళ్ళు."

తిరుపాలమ్మ గోడవైపు పోలేదు. నీళ్ళ చెంబు అందుకుని మంచం మీదికెక్కి, ఆ చేతి మీదుగా కాలు వేసి దాటి, బిడ్డని ఒళ్ళోకి లాక్కుంది. పిల్ల నోట్లో నీళ్ళు పోసింది. మొదటి గుక్క పక్కకి కారిపోయింది. రెండో గుక్క దిగింది. దిగిన చప్పుడు ఇల్లంతా వినపడింది.

వంగిన మంట నిటారుగా లేచి నిలబడింది.

గడప అవతలి నుంచి మాట వినిపించింది. కోపంగా లేదు. చాలా దూరం నీళ్ళు మోసుకొచ్చిన ఆడదాని గొంతులా అలసిపోయి ఉంది.

"ఇన్నాళ్ళూ కొంగు తడుపుకుని నీళ్ళు తెచ్చా. పిలవని గడప దాటలేను. ఎవరికి దాహమో వంగి చూపించా. మీరు లేచి పారిపోయారు."

తిరుపాలమ్మకి పోయినవాళ్ళందరి మొహాలూ, వాళ్ళు అడిగిన చెంబులూ కళ్ళముందు తిరిగాయి.

"ఒంటివత్తి పెట్టి మీరు పిలిచింది నన్ను కాదు. ఆ మంచం కిందిదాన్ని. పిలిచారు గనక వచ్చింది. ఇక్కడ దానికి చోటు పోయింది. ఒంటివత్తి ఎక్కడ వెలుగుతుంటే అక్కడికి పోతుంది. పో, చెప్పు వాళ్ళకి."

మంచం పట్టె మీది చెయ్యి లేదు. పెరటి తలుపు గడియ దానంతట అదే ఊడి, బయట ఏదో వేగంగా వీధివైపు పాకిపోయిన చప్పుడు అయింది.

"ఒంటివత్తులు తీసెయ్యండి! రెండోది కలపండి!" అని తిరుపాలమ్మ బిడ్డని చంకనేసుకుని వీధి పొడుగునా అరుస్తూ పరిగెత్తింది. కొందరు విన్నారు. ముసుగులు లాగి, రెండో వత్తి కలిపారు. కొందరు ఇది కూడా దయ్యం మాయేనని తలుపు తీయలేదు. మాలకొండయ్య తీయలేదు. ఆయన ఇంట్లో ముసుగు కింద పడుకున్నది ఆయన కన్నతల్లి అచ్చమ్మ.

సందె దాటాక ఆయన ముసుగు తీశాడు. "లేమ్మా, పోయింది," అన్నాడు. ఆమె లేవలేదు. తల దగ్గర ఒంటివత్తి నిలకడగా వెలుగుతూనే ఉంది. ఆ నాటకం మొదలయ్యాక అది నిజం చెప్పడం ఆనాడే మొదలు. బొటనవేళ్ళు విప్పుదామంటే ముడి రాలేదు. ఆయన ఏడుపు ఊరంతా విన్నది. అన్నాళ్ళుగా ఆ ఊరు విన్న ఏడుపుల్లో అదొక్కటే అసలుది.

తెల్లవారి చూస్తే తిరుపాలమ్మ ఇంటి గడపరాయి మీద రెండు వత్తుల చారలు పడి ఉన్నాయి. చెంచమ్మ బతికింది. అయితే ఆ చెయ్యి తగిలిన ఎడమ కణత మీద జుట్టు చిన్నతనంలోనే నెరిసిపోయిందనీ, ఆమె ముసలిదయ్యాక కూడా సందెవేళ ఎవరినీ పక్కన పడుకోనిచ్చేది కాదనీ చెబుతారు. మాలకొండయ్య తల్లి దినం అయ్యాక తన ఇంటి దూలాలు ఊడదీయించి, ఆ గడప చుట్టూ గుడి కట్టించాడు. కట్టినన్నాళ్ళూ పనివాళ్ళకి నీళ్ళు తానే మోశాడు. అమ్మకి ఎవరి పిలుపు కోసమూ ఆగే పని ఉండకూడదని వాకిలికి తలుపు పెట్టనివ్వలేదు. మంచం కింది ఆ రెండోది దొడ్డిదారిన రాకూడదని వెనక గోడకి చిన్న కంత కూడా వదలలేదు. కనుమపల్లె పేరు పోయి జోడుదీపాలు అయింది. పూజ చేసేది ఇప్పటికీ చెంచమ్మ వంశపు ఆడపడుచులే.

ఇక్కడ సందెపూజకి మంత్రాలు తక్కువ. పూజారమ్మ జోడువత్తి ముట్టించి, పక్కన చెంబు పెట్టి, వెనక్కి తగ్గి నిలబడుతుంది. జనమంతా గడప లోపల కూర్చుంటారు. దీపం ఎవరివైపయినా వంగితే, వాళ్ళ పక్కనున్నవాళ్ళు లేచి, ఆ మనిషికి తమ చేత్తో నీళ్ళు తాగించాలి. పూజారమ్మ తాగించదు. అది పక్కవాళ్ళ పని. జ్వరపడినవాళ్ళని, మంచాన పడినవాళ్ళని మోసుకుని ఇక్కడికి వస్తారు. రండి. అయితే దండం పెట్టుకున్నాక వాళ్ళని ఆసుపత్రికి కూడా తీసుకుపోండి. అమ్మ వంగి చూపిస్తుంది. ఎత్తుకోవలసింది మీరు.

మీ ఇళ్ళల్లో కూడా దీపం పెట్టగానే మొక్కి లేచి పోకండి. ఇంట్లో ఎవరు ముడుచుకుని కూర్చున్నారో, ఎవరు పొద్దుటినుంచి నోరు విప్పలేదో, ఎవరిని మీరు గోడవైపు నెట్టేశారో ఆ వెలుగులో ఒకసారి చూడండి. అలా చూసే ఇంట్లో ఆయుష్షుకి లోటు ఉండదని ఇక్కడివాళ్ళ నమ్మకం.

గడప దగ్గర దీపం వంగినప్పుడు ఇప్పటికీ జనంలో ఒక్క క్షణం అందరి కాళ్ళూ వెనక్కి లాగుతాయి. ఎంత భక్తులైనా సరే. ఆ క్షణంలో గుడిలో ఊపిరి చప్పుడు కూడా ఉండదు. బయట, వాగు వైపు నుంచి, తడిచీర నేలకి రాసుకుంటున్నట్టు వినిపిస్తుంది. అప్పుడు ఎవరో ఒకరు, సాధారణంగా ఎవరూ అనుకోనివాళ్ళు, చెయ్యి చాచి చెంబు అందుకుంటారు.